దమ్మూ, దురదా, రందీ

ముందర గదిలో దూలాల దాకా పత్తి. క్వింటాలుకు ఇంకో నాలుగొందలు పెరగకపోతుందా అని ఇంటాయన అమ్మకుండా ఆపాడు. వెనక గదిలో మంచం మీద బాలింత. కాన్పై పదకొండో రోజు. చెవుల్లో దూది, తలకు బిగించి కట్టిన గుడ్డ, మూసిన కిటికీ. చిప్పలో నిప్పులు పోసి, వాటి మీద ఊదు చల్లి వాళ్లమ్మ పొగ లేపుతోంది. పొగ ముందు పసిదాని చుట్టూ తిరిగింది, తర్వాత తల్లి ముఖం మీదికి మళ్లింది.

"ఊపిరాడ్తలేదే అమ్మా."

"జరసేపే బిడ్డా. పొగ పట్టకపోతె పొల్లకు సర్ది పడ్తది."

ఆమె గోడ వైపు తిరిగి దగ్గింది. మెడ మీద, మోచేతి మడతల్లో గోళ్ల గీతలు ఎర్రగా తేలి ఉన్నాయి. రాత్రి పిల్ల ఏడిస్తే లేచింది. పిల్ల పడుకున్నాక దురద లేపింది. వీటికి తోడు పైకి కనబడనిది ఇంకొకటుంది. పిల్లను ఒళ్లోకి తీసుకుంటే ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టుంది ఆమెకు. ఆ మాట ఎవరితో అంటుంది? చూడ్డానికి వచ్చిన పక్కింటి పెద్దమ్మ "ఏమైందే, గట్లున్నవ్?" అంటే "దురద పెడ్తాంది పెద్దమ్మా" అంది. అబద్ధమేం కాదు, సగం నిజం.

ఈ ఇల్లు ఫలానా వాళ్లదని వెతకనక్కర్లేదు. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ చుట్టుపక్కల పత్తి పండే ఊళ్లలో ఎన్నో గదులను కలిపి కట్టిన బొమ్మ ఇది. పురిటి గది వాసన తెలిసిన ఆడవాళ్లెవరైనా ఇందులో ఏదో ఒక మూలను గుర్తుపడతారు.

కాన్పు తర్వాతి దిగులు గురించి మన దగ్గర సినిమావాళ్లు నోరు విప్పాకే బయట మాట మొదలైంది. 2022 ఏప్రిల్‌లో కొడుకును కన్న కాజల్ అగర్వాల్, ఆ తర్వాత తాను పడ్డ కుంగుబాటు గురించి దాచకుండా చెప్పింది. అంతకు ముందే ఆమె ఇంకో సంగతీ చెప్పింది: ఐదేళ్ల వయసులోనే తనకు ఆస్తమా బయటపడిందని, ఇన్‌హేలర్ వాడటానికి సిగ్గుపడొద్దని. ఆ రెంటినీ ఆమె ముడిపెట్టలేదు. ఒక మనిషి విషయంలో ఇది అందువల్లే వచ్చిందని మనమూ అనలేం. అయితే ఉబ్బసం, దద్దుర్లు, తుమ్ములు, ఒంటి రక్షణ వ్యవస్థ చేసే గడబిడలు ఉన్న ఆడవాళ్లకు కుంగుబాటు కూడా కొంచెం ఎక్కువగానే ఎందుకు వస్తోందన్న ప్రశ్న మాత్రం పరిశోధకులను చాలాకాలంగా వదలడం లేదు.

పడదు

అలర్జీ అన్న మాటను 1906లో వియన్నాకు చెందిన పిల్లల డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించాడు. మనకు ఆ మాట రాకముందే 'పడదు' ఉంది. వంకాయ పడదు. కొత్తూరి నీళ్లు పడలేదు. దుమ్ము పడదు. ఇదే మాటను మనుషులకూ వాడతాం: అత్తకూ కోడలికీ పడదు. ఒంటికి సరిపోనిదానికీ మనసుకు సరిపోనిదానికీ మన పెద్దలు వేరు వేరు మాటలు వెతుక్కోలేదు. వైద్యశాస్త్రం మాత్రం చర్మానికో డాక్టరును, ఊపిరితిత్తులకో డాక్టరును, కాన్పుకో డాక్టరును, మనసుకో డాక్టరును కూర్చోబెట్టింది. ఈ నాలుగు గదుల మధ్య తలుపులు ఇప్పుడిప్పుడే తెరుచుకుంటున్నాయి.

అలర్జీ అంటే ఒంటి కాపలాదారు పొరపాటు. దొంగ మీద పడాల్సిన కర్ర పుప్పొడి మీద, దుమ్ములోని పురుగుల మీద, రొయ్య మీద లేస్తుంది. ఇంకో రకం పొరపాటులో ఆ కర్ర సొంతింటివాళ్ల మీదే పడుతుంది. కీళ్లవాతం, కొన్ని రకాల థైరాయిడ్ జబ్బులు అలా వచ్చేవే. మొదటిది అలర్జీ, రెండోది ఆటోఇమ్యూన్ జబ్బు. రెండూ ఒకటి కావు గానీ కాపలాదారు మాత్రం ఒక్కడే.

కడుపులో పరాయి

గర్భం ఆ కాపలాదారుకు పెద్ద పరీక్ష. కడుపులో బిడ్డ సగం తండ్రిది. అంటే తల్లి ఒంటికి సగం పరాయి. మరి తొమ్మిది నెలలు దాన్ని ఎలా సహిస్తోంది? 1953లో పీటర్ మెడవార్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త ఈ ప్రశ్నను సూటిగా అడిగాడు. ఏడేళ్ల తర్వాత, అవయవాల మార్పిడికి దారి చూపిన పనికి నోబెల్ అందుకున్నాడు. ఈ ప్రశ్నకు పూర్తి జవాబు మాత్రం ఇవాళ్టికీ తయారవుతూనే ఉంది. తల్లి ఒళ్లు కాపలాను ఎత్తేయదు, దాని తీరు మారుస్తుంది. కొన్ని చోట్ల మెత్తబడుతుంది, కొన్ని చోట్ల పదునెక్కుతుంది. కాన్పు కాగానే మళ్లీ పాత తీరుకు, అదీ కొద్ది రోజుల్లోనే, తిరగాలి.

ఈ మలుపును అందరికంటే ముందు రోగులే చూపించారు. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టరు ఫిలిప్ హెంచ్, కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లకు గర్భంతో ఉన్నప్పుడు నొప్పులు తగ్గి కాన్పు తర్వాత తిరగబెట్టడం గమనించాడు. గర్భిణి ఒంట్లో ఏదో మందు తయారవుతోందని ఊహించి దాని వెంట పడ్డాడు. ఆ వెతుకులాట చివరికి కార్టిజోన్ దగ్గర తేలింది, 1950లో నోబెల్ తెచ్చింది. మనం పల్లెల్లో 'స్టిరాయిడ్ సూది' అని భయంగా చెప్పుకునే మందుల వంశానికి మూలపురుషుడు అదే.

ఆస్తమా సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. గర్భం వచ్చాక మూడో వంతు మందికి దమ్ము తగ్గుతుంది, మూడో వంతు మందికి ఎక్కువవుతుంది, మిగిలిన వాళ్లకు ఎప్పట్లాగే ఉంటుంది. ఎవరు ఏ వంతులో పడతారో ముందుగా చెప్పడం కష్టం. అందుకే "నాకు కాన్పప్పుడు దమ్మే రాలే" అన్న వదిన అనుభవం మరదలికి పనికిరాదు.

జ్వరం వచ్చినప్పటి మనసు

ఈ కాపలాదారుకూ మనసుకూ ఉన్న లంకెను అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కిందటిసారి జ్వరం వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. అన్నం సయించదు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఇష్టమైన పాట పెట్టినా ఆపెయ్యమంటాం. చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఇదంతా క్రిమి చేసిన పని కాదు. క్రిమితో పోరాడేటప్పుడు ఒళ్లు వదిలే రసాయనాలు మెదడుకు పంపే కబురు ఇది: కదలకు, పడుకో, బలం దాచుకో. పోరు ముగిస్తే కబురూ ఆగుతుంది. పోరు ముగియకపోతే?

దీనికి ఒక గట్టి సాక్ష్యం కాలేయం జబ్బు నుంచి వచ్చింది. హెపటైటిస్ సి రోగులకు ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ సూదులు నెలల తరబడి ఇచ్చేవారు. అది ఒళ్లు సొంతంగా తయారు చేసుకునే రక్షణ రసాయనమే, సూది రూపంలో. వాళ్లలో, అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్లు కూడా చాలామంది కొద్ది వారాల్లో కుంగిపోయారు. అంటే రక్షణ వ్యవస్థను రేపితే మనసు కుంగుతుందని డాక్టర్లు కళ్లారా చూశారు. 2007లో కాథ్లీన్ కెండల్-టాకెట్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ చూపును పురిటి గదిలోకి తెచ్చింది. నిద్రలేమి, నొప్పి, మానసిక ఒత్తిడి, పాత గాయాలు, ఇవన్నీ ఒంట్లో వాపు రసాయనాలను పెంచేవేనని, కాన్పు నాటికి ఆ రసాయనాలు ఎలాగూ పెరిగే ఉంటాయని, బాలింత కుంగుబాటుకు అసలు కీలకం అక్కడ ఉండొచ్చని వాదించింది.

అలర్జీ ఈ లెక్కలోకి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి రసాయనాల దారి. రెండోది అందరికీ తెలిసినదే: నిద్ర. దురద రాత్రి పూట పెరుగుతుంది. ముక్కు దిబ్బడ పడుకుంటే పెరుగుతుంది. దమ్ము తెల్లవారుజామున లేపుతుంది. పసిబిడ్డ తీసుకోగా మిగిలిన నిద్రను వీళ్లు ముగ్గురూ పంచుకుంటారు. నాకు రెండో దారే పెద్దదనిపిస్తుంది. రసాయనాలను కొలవడానికి ప్రయోగశాల కావాలి. ఎన్ని గంటలు పడుకున్నావని అడగడానికి ఏమీ అక్కర్లేదు.

> ఏది మామూలు, ఏది కాదు
> కాన్పైన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిరాకు, భయం సగానికి పైగా తల్లుల్లో కనిపిస్తాయి. రెండు వారాల్లోపు వాటంతటవే పోతాయి.
> రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా గర్భంలోనే మొదలైతే అది కుంగుబాటు కావచ్చు. మన దేశంలో వచ్చిన 38 అధ్యయనాలను కలిపి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రిక ప్రచురించిన లెక్క ప్రకారం, కాన్పైన తల్లుల్లో 22 శాతం మందిలో ఈ లక్షణాలున్నాయి.
> నిద్రే లేకుండా తిరగడం, లేని గొంతులు వినిపించడం, బిడ్డ గురించి వింత నమ్మకాలు: ఇవి వెయ్యి మందిలో ఒకరిద్దరికి వస్తాయి. గాలి సోకిందని ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

స్వీడన్ లెక్క, ఫిన్లాండ్ లెక్క

2024 జనవరిలో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు ఒక పెద్ద లెక్క బయటపెట్టారు. 2001 నుంచి 2013 దాకా ఆ దేశంలో బిడ్డల్ని కన్న ఎనిమిది లక్షల మందికి పైగా తల్లులు, సుమారు 13 లక్షల గర్భాలు. వాళ్లలో 55 వేల మందికి పైగా గర్భంలో గానీ, కాన్పైన ఏడాదిలోపు గానీ కుంగుబాటు ఉన్నట్టు తేలింది. ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్లకు ఆ కుంగుబాటు వచ్చే అవకాశం 30 శాతం ఎక్కువ. లెక్కను తిరగేసి చూస్తే ఇంకా ఆశ్చర్యం: కుంగుబాటు వచ్చిన తల్లులకు తర్వాత ఆటోఇమ్యూన్ జబ్బు వచ్చే అవకాశమూ అంతే ఎక్కువ. బండి ఒక వైపే నడవడం లేదన్నమాట.

ఇది అలర్జీ లెక్క కాదు, దాని దాయాదిది. అలర్జీ వైపు చూస్తే, ఫిన్లాండ్ ఉత్తర భాగంలో 1966లో పుట్టిన పిల్లల్ని దశాబ్దాల పాటు వెంబడించిన అధ్యయనం ఉంది. వాళ్లకు 31 ఏళ్లు వచ్చినప్పుడు చర్మం మీద సూదితో గీరి అలర్జీ పరీక్షలు చేశారు. అలర్జీకీ కుంగుబాటుకూ పొత్తు కనబడింది, అదీ ముఖ్యంగా ఆడవాళ్లలో. ఈ లెక్కలేవీ 'నీకు దద్దుర్లున్నాయి కాబట్టి దిగులు వస్తుంది' అని చెప్పవు. దద్దుర్లున్న నూరు మందిలో ఎక్కువ మందికి ఏ దిగులూ రాదు. ఎవరిని కాస్త ముందుగా పలకరించాలో మాత్రం చెబుతాయి.

పత్తి, మిరప, వయ్యారిభామ

ఇప్పుడు మళ్లీ పరకాల–భూపాలపల్లి రోడ్డెక్కుదాం. రేగొండ దగ్గర దిగితే ఒక పక్క కొడవటంచ నరసింహస్వామి గుడి దారి, ఇంకో పక్క ఆదిమానవుల బొమ్మలున్న పాండవుల గుట్టలు. వాటి మధ్యన పరుచుకున్నది పత్తి, వరి, మిరప. స్వీడన్ లెక్కలో లేనిది ఇక్కడ చేలల్లో ఉంది.

దసరా నుంచి సంక్రాంతి దాకా పత్తి ఏరడం. కూలికి పోయేది ఎక్కువగా ఆడవాళ్లే, నెలలు నిండేదాకా పోయేవాళ్లూ ఉన్నారు. ధర కోసం పత్తిని ఇంట్లో నిల్వ పెట్టిన కుటుంబాలకు ఒళ్లంతా దురదలు లేవడం ఏటా వినే మాటే. పత్తిలోని దుమ్ము, అందులో చేరే పురుగులు కారణం. పొద్దంతా పొలానికి పోయేవాళ్లకు కాస్త తెరిపి ఉంటుంది. గది దాటకూడని బాలింతకు ఇరవై నాలుగు గంటలూ అదే గాలి. ఆ తర్వాత మిరపకోతలు. మిరప ఘాటు అలర్జీ కాదు, మంట. కానీ ఉబ్బసం ఉన్న ఊపిరితిత్తులకు ఆ తేడా తెలియదు.

ఒడ్ల మీద, బడి వెనక, బస్టాండు పక్కన పెరిగే తెల్లపూల మొక్క వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అనీ అంటారు. 1950ల్లో పుణె దగ్గర మొదట కనిపించి, దిగుమతి గోధుమలతో వచ్చిందని పేరుపడి, దేశమంతా పాకింది. పీకిన చేతులకే కాదు, గాలికి ఎగిరిన దాని పొడి తగిలిన ముఖానికీ మెడకూ కూడా చర్మం రేగుతుంది. అంత చెడ్డ మొక్కకు అంత అందమైన పేరు పెట్టిన మహానుభావుడెవరో!

ఇక ఊదు పొగ. దాన్ని తప్పు పట్టడానికి చెయ్యి రాదు. తల్లి చేతి ప్రేమ అది, తడి జుట్టు ఆరడానికి, దోమలు పోవడానికి పుట్టిన తెలివి. తలుపులు తీసి ఉన్న పాత పెంకుటింట్లో అది చెల్లింది. కిటికీ ఒక్కటే ఉన్న స్లాబు గదిలో, అదీ మూసి, ఉబ్బసం ఉన్న తల్లి ముందు, పదకొండు రోజుల ఊపిరితిత్తుల ముందు చెల్లదు.

పథ్యం సంగతీ అంతే. ఏది పెడితే చీము పడుతుందో, ఏది తింటే పిల్లకు పడదో అని ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి కంచంలో కారప్పొడీ అన్నమే మిగులుతాయి. తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు, దేశంలోనే అన్నిటికంటే ఎక్కువ. రక్తం తక్కువ, కడుపు మీద కుట్లు, కంచంలో కారం. రంది పుట్టడానికి వేరే కారణం వెతకాలా?

ఆడపిల్ల అయితే ఇంకో బరువు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం తల్లుల మధ్య చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో పేదరికం, భర్త కొట్టడంతో పాటు కొడుకు కోసం చూస్తే కూతురు పుట్టడం కూడా కుంగుబాటుకు దారి తీసేదిగా తేలింది. 2017లో కేసీఆర్ కిట్ పథకం మొదలైనప్పుడు మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు అన్నారు. ఆ అదనపు వెయ్యి బ్యాంకులో పడేది. "మల్ల ఆడివిల్లనేనా" అన్న మాట బాలింత చెవిన పడుతుంది, దూది పెట్టినా.

> దురదలన్నీ ఒకటి కాదు
> నెలలు నిండే సమయంలో అరచేతుల్లో, అరికాళ్లలో, దద్దు లేకుండా రాత్రిళ్లు విపరీతంగా దురద పెడితే అది కాలేయం నుంచి పైత్యరసం సరిగా కదలక వచ్చేది కావచ్చు. బిడ్డకు ప్రమాదం. వెంటనే రక్త పరీక్ష చేయించాలి.
> కాన్పైన ఏడాదిలోపు నూటికి సుమారు ఐదుగురికి థైరాయిడ్ వాపు వస్తుంది. గుండెదడ, నీరసం, జుట్టు రాలడం, దిగులు. కుంగుబాటులాగే కనిపిస్తుంది, చిన్న రక్త పరీక్షతో తెలుస్తుంది.
> అలర్జీకి చాలామంది వాడే మాంటెలుకాస్ట్ మాత్ర కొందరిలో నిద్రను, మనసును చెదరగొట్టవచ్చని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జోడించింది. సొంతంగా ఆపొద్దు. మాత్ర మొదలయ్యాక మనసులో మార్పు వస్తే డాక్టరుకు చెప్పాలి.

కొంగు చాటు ఇన్‌హేలర్

మృగశిర కార్తె వస్తే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వారి చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వరుస కడతారు. కొర్రమీను పిల్లను నోరు తెరిచి అందరి ముందూ మింగుతారు. అదే ఉబ్బసానికి ఇన్‌హేలర్ పీల్చాలంటే కొంగు చాటు చేసుకుంటారు. పెళ్లిచూపుల్లో చెప్పరు, అత్తింట్లో చెప్పరు. గర్భం రాగానే "మందుల వేడి పిల్లకు తగుల్తది" అని ఎవరో అంటారు, ఆపేస్తారు.

నిజానికి సమస్య తలకిందులుగా ఉంది. మామూలుగా వాడే ఆస్తమా ఇన్‌హేలర్లు గర్భంలో, పాలిచ్చేటప్పుడు వాడదగినవేనని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. పీల్చిన మందు చాలావరకు ఊపిరితిత్తుల్లోనే పని చేస్తుంది. దమ్ము అదుపు తప్పితే మాత్రం తల్లికి అందని గాలి బిడ్డకూ అందదు. దురదకు వాడే మాత్రల్లో కొన్ని మత్తునిస్తాయి, పాలిచ్చే తల్లి వాటిని అడిగి వాడాలి. మత్తు లేనివీ ఉన్నాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు బీపీ, రక్తం, బరువుతో పాటు "నాకు దమ్ముంది, ఈ మందు వాడతా" అన్న ఒక్క మాట చెప్పుకోగలిగితే సగం భయం అక్కడే తీరిపోతుంది. కుంగుబాటు మందుల విషయంలోనూ అంతే. పాలిస్తూ వాడదగినవి ఉన్నాయి, ఏవన్నది డాక్టరు చూసుకుంటాడు.

ఆరు రాకలు

ఆసుపత్రిలో కాన్పైన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఆరు సార్లు. పెద్ద డాక్టర్లకు కూడా దొరకని అవకాశం ఇది: అదే గది, అదే మంచం, ఆరు సార్లు. ఆమె బిడ్డను తూస్తుంది, జ్వరం చూస్తుంది, పాలు పడుతున్నాయా అంటుంది. బిడ్డ చుట్టూ తిరిగే ఈ ప్రశ్నల్లో తల్లి మనసుకు చోటు తక్కువ.

పెద్ద ప్రశ్నాపత్రం అక్కర్లేదు. ఎడిన్‌బరోలో 1987లో తయారైన బాలింత కుంగుబాటు కొలమానంలో ఉన్నవి పదే ప్రశ్నలు. అంతకంటే పొట్టిగా రెండే ప్రశ్నలతో మొదలుపెట్టే పద్ధతీ ఉంది: ఈ నెల రోజుల్లో మనసు దిగులుగా, ఆశ లేనట్టు ఉంటోందా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఇష్టం పోయిందా? రెంటిలో ఒక్కదానికి అవునన్నా ఇంకాస్త కూర్చుని మాట్లాడాలి.

మాట్లాడితే ఏమవుతుంది అనేవాళ్లకు పాకిస్తాన్‌లోని రావల్పిండి దగ్గరి పల్లెలు జవాబు చెప్పాయి. అక్కడ ఆతిఫ్ రెహమాన్ బృందం మన ఆశాల్లాంటి ఊరి ఆరోగ్య కార్యకర్తలకు, కుంగిన తల్లితో ఎలా మాట్లాడాలో నేర్పింది. 2008లో వచ్చిన ఫలితం: ఆరు నెలల తర్వాత, మామూలు పలకరింపులే దొరికిన తల్లుల్లో 53 శాతం మంది ఇంకా కుంగుబాటులోనే ఉండగా, ఈ మాటలు దొరికినవాళ్లలో 23 శాతం మందే ఉన్నారు. ఆ కార్యకర్తలు మానసిక వైద్యం చదివినవాళ్లేం కాదు.

అంతకు మించిన అవసరమొస్తే దారులున్నాయి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ. భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, వరంగల్ పెద్దాసుపత్రి ఉండనే ఉంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుంచి తల్లినీ బిడ్డనూ విడదీయకుండా చేర్చుకునే వార్డు ఉంది. అలాంటిది ప్రతి జిల్లాలో ఉండాలని అడగడం అత్యాశే కావచ్చు. ఆశా సంచిలో రెండు ప్రశ్నలుండాలని అడగడం మాత్రం కాదు.

పద్నాలుగో రోజు ఆ వెనక గదిలోకే పోదాం. వచ్చిన ఆశమ్మ పిల్లను తూసి కాగితంలో రాసుకుంది. లేవబోతూ తల్లి మెడ మీది గీతలు చూసి ఆగింది.

"రాత్రి నిద్ర పడ్తాందా?"

"లే అక్కా. దురద."

"దురద తగ్గితె నిద్ర పడ్తదంటవా?"

జవాబు రాలేదు. గుడ్డ అంచు వేలికి చుట్టుకుంటూ చాలాసేపు కూర్చుంది. తర్వాత, పిల్ల వైపు చూడకుండా, "దీన్ని చూస్తె నాకేమనిపిస్తలేదక్కా" అంది.

గుమ్మంలో ఊదు చిప్ప పట్టుకుని నిలబడ్డ వాళ్లమ్మ ఆ మాట విన్నది. ఏమీ అనలేదు. చిప్ప తీసుకుపోయి వాకిట్లో పెట్టి వచ్చి, మంచం పట్టె మీద కూర్చుంది.

"నువ్వు పుట్టినప్పుడు నాక్కూడ గట్లనే ఉండె బిడ్డా" అంది. "గప్పుడు నన్నెవ్వలడగలే."